హెడ్ పోయింది అనేముందు: ఉప్పుగాలిలో టికెట్ ప్రింటర్ల నిర్వహణ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో టికెట్ ప్రింటర్ తగలని దారి లేదు. ఆర్టీసీ కండక్టర్ చేతిలోని టిమ్‌లో, అంటే టికెట్లిచ్చే చేతి యంత్రంలో ఉంటుంది. చీమకుర్తి గ్రానైట్ లారీలు తూగే కాటాల దగ్గర ఉంటుంది. కృష్ణపట్నం దారిలోని పెట్రోలు బంకుల్లో, 16వ నంబరు జాతీయ రహదారి మీది టంగుటూరు, వెంకటాచలం టోల్ ప్లాజాల్లో, గుళ్ల దగ్గర టికెట్లిచ్చే కిటికీల్లో ఉంటుంది. పైపెట్టె ఏ రూపంలో ఉన్నా లోపలి యంత్రం ఒకటే: సిరా లేకుండా వేడితో అచ్చువేసే థర్మల్ ప్రింటర్. కాసినోల స్లాట్ మెషిన్లలో గెలిచిన సొమ్ముకు చీటీ ఇచ్చేదీ ఇదే జాతి. 1974 నాటి గేమింగ్ చట్టం వల్ల ఆంధ్రలో కాసినోలు లేవు కాబట్టి ఆ మెషిన్లు ఇక్కడివాళ్ల కంటబడవు. కానీ అక్కడ టికెట్టే డబ్బు, ప్రింటర్ ఆగితే ఆట ఆగుతుంది. అందుకే దాన్ని చూసుకునే పద్ధతులు అక్కడ గట్టిగా కుదురుకున్నాయి. వాటిలో కొన్ని మన కండక్టరుకీ, కాటా గుమాస్తాకీ సూటిగా పనికొస్తాయి.

ఇక్కడ అచ్చు మసకబారగానే ఎక్కువగా వినపడే తీర్పు ఒకటుంది: హెడ్ పోయింది. వేడి పుట్టించి అచ్చువేసే ఆ హెడ్డే ప్రింటర్‌లో ఖరీదైన భాగం కాబట్టి ఆ తీర్పుకు ఖర్చు కూడా ఎక్కువే. కొత్త హెడ్ వేశాక అచ్చు బాగుపడితే తీర్పు నిజమేనని అందరూ నమ్ముతారు. హెడ్ మార్చేటప్పుడు ఇంకేం జరుగుతుందో మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పట్టీ కేబుల్ (హెడ్‌ను బోర్డుకు కలిపే చదునైన తీగల పట్టీ) ఊడదీసి మళ్లీ బిగిస్తారు, రబ్బరు రోలర్ తుడుస్తారు, కొత్త కాగితం రోల్ వేస్తారు. బాగుచేసింది ఆ మూడింట్లో ఏదో ఒకటై, పాత హెడ్ నిక్షేపంగా ఉన్నదే చెత్తబుట్టలో పడి ఉండవచ్చు. హెడ్లు పాడవవని కాదు. వాటి వంతు వచ్చేది వరుసలో చివర్న.

హెడ్ ఆయుష్షు లెక్క

థర్మల్ హెడ్ అంటే పింగాణీ పలక మీద ఒకే వరుసలో పేర్చిన సన్నని వేడి చుక్కలు. మామూలు రకంలో మిల్లీమీటరుకు 8 చుక్కలు. 58 మి.మీ. కాగితం మీద 48 మి.మీ. వెడల్పున అచ్చువేసే చేతి యంత్రంలో 384 చుక్కలుంటాయి. 80 మి.మీ. కాగితం మీద 72 మి.మీ. వెడల్పున అచ్చువేసే బల్ల ప్రింటర్‌లో 576 ఉంటాయి. కాగితం పైపూతలో రంగునిచ్చే రసాయనం, దాన్ని నల్లబరిచే మరో రసాయనం పక్కపక్కనే ఉంటాయి. చుక్క వేడెక్కిన చోట అవి కరిగి కలిసి నల్లటి మచ్చ పడుతుంది. కాగితాన్ని హెడ్‌కు అదిమిపెట్టి ముందుకు లాగేది రబ్బరు రోలర్, దాన్ని తిప్పేది స్టెప్పర్ మోటారు. నలుపు బాగా రావాలంటే వేడి, ఒత్తిడి, కాగితం పూత మూడూ సరిపోవాలి. వీటిలో హెడ్ చేతిలో ఉన్నది వేడి ఒక్కటే.

చేతి యంత్రాల హెడ్లకు తయారీదారులు సాధారణంగా 50 కిలోమీటర్ల కాగితం ఆయుష్షు చెబుతారు. బల్ల ప్రింటర్లకు 100 నుంచి 150 కిలోమీటర్లు. 58 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. వ్యాసం ఉన్న రోల్‌లో సుమారు 15 మీటర్ల కాగితం ఉంటుంది. టికెట్ పొడవు 10 సెంటీమీటర్లనుకుంటే రోల్‌కు 150 టికెట్లు. ఈ లెక్కన 50 కిలోమీటర్లంటే 5 లక్షల టికెట్లు, 3,300కు పైగా రోళ్లు. రోజుకు మూడు రోళ్లు వాడినా మూడేళ్లు దాటుతుంది. ఎనిమిది నెలలకే హెడ్ చచ్చిపోయిందంటే అది వయసు మీదపడి పోయినట్టు కాదు. ఇసుక గీసిందో, గోరు తగిలిందో, తేమ తినేసిందో, పనికిమాలిన కాగితం అరగదీసిందో తేల్చుకోవాలి. ఆ కారణం అక్కడే ఉంటే కొత్త హెడ్ కూడా అదే దారిన పోతుంది.

ముందు మూడు పరీక్షలు

స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే అయిదు నిమిషాల్లో సగం సంగతి తేలిపోతుంది. మొదటిది గోటి గీత. కాగితం మీద గోటితో గట్టిగా, వేగంగా గీస్తే పూత ఉన్న వైపు నల్లటి చార పడుతుంది. చార పడని వైపు హెడ్‌కు తగులుతుంటే కాగితం తెల్లగానే బయటకొస్తుంది. రోల్ తిరగేసి వేయడం చిన్న పొరపాటే, కానీ ‘ప్రింటర్ పనిచేయడం లేదు’ అనే ఫిర్యాదుల్లో దీనికి పెద్ద వాటా ఉంది. రెండువైపులా చార పడకపోతే అది థర్మల్ కాగితమే కాదు.

రెండోది సెల్ఫ్ టెస్ట్. ఎక్కువ ప్రింటర్లలో ఫీడ్ మీట నొక్కిపట్టి స్విచ్ వేస్తే, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా ప్రింటర్ తనంతట తానే ఒక చీటీ తీస్తుంది. అందులో ఫర్మ్‌వేర్ (ప్రింటర్ లోపలి సాఫ్ట్‌వేర్), కేబుల్ వేగం (సమాచారం అందుకునే వేగం), అక్షరాల పట్టిక వివరాలుంటాయి. ఈ చీటీ శుభ్రంగా వచ్చి, అసలు బిల్లు మాత్రం పిచ్చి గుర్తులతో వస్తుంటే లోపం ప్రింటర్‌లో లేదు. కేబుల్, కంప్యూటర్‌లోని ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్, వేగం అమరిక చూసుకోవాలి. కాటాల దగ్గర పాత సీరియల్ కేబుళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. తూకం చూపే పెట్టె ఒక వేగంలో, ప్రింటర్ మరో వేగంలో ఉంటే సరిగ్గా ఇలాగే జరుగుతుంది.

మూడోది అన్నిటికన్నా విలువైనది, ఎవరూ చేయనిది: నల్లపట్టీ. కాగితం వెడల్పంతా నిండేలా నలుపు పట్టీని మూడు నాలుగు సెంటీమీటర్లు అచ్చువేయించాలి. సెల్ఫ్ టెస్ట్‌లో అలాంటి పట్టీ లేకపోతే నల్ల పెట్టె బొమ్మ ఒకటి పంపితే చాలు. అక్షరాల మధ్య దాక్కునే లోపాలన్నీ ఈ పట్టీలో బయటపడతాయి.

పట్టీని చదవడం

కాగితం కదిలే దిశలో, ఎప్పుడూ ఒకే చోట సన్నని తెల్లగీత కనిపిస్తే రెండే కారణాలు: ఆ చుక్క మీద మడ్డి పేరుకుంది, లేదా ఆ చుక్క కాలిపోయింది. శుభ్రం చేసి మళ్లీ పట్టీ తీస్తే ఏదో తెలిసిపోతుంది. తుడిచాక గీత సన్నబడితే ఇంకోసారి తుడవాలి. రెండు మూడు సార్లకు కూడా చెక్కు చెదరకుండా అలాగే ఉంటేనే చుక్క పోయినట్టు. తెల్లగీత బదులు సన్నని నల్లగీత వస్తుంటే హెడ్ అంచున గట్టి రేణువేదో ఇరుక్కుని కాగితాన్ని గీస్తూ ఉండవచ్చు. అలాంటప్పుడు ప్రింటర్ నడుపుతూ పోతే ఆ రేణువు హెడ్ పైపొరనూ గీసేస్తుంది. వెంటనే ఆపాలి.

ఒక పక్క నల్లగా, మరో పక్క లేతగా ఉంటే ఒత్తిడి సమంగా లేదు. మూత ఒకవైపే పడింది, లేదా రోలర్ ఇరుసు పట్టే బుష్ అరిగింది. మూత రెండు చివర్లా ‘టక్’ మనే వరకు నొక్కాలి. మధ్యలో వేలితో ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలా చేతి యంత్రాల్లో ఒక కొక్కెం పడదు.

పట్టీలో అడ్డంగా లేత చారలు సమానమైన ఎడంతో మళ్లీ మళ్లీ వస్తే ఆ ఎడాన్ని స్కేలుతో కొలవాలి. రోలర్ వ్యాసాన్ని 3.14తో గుణిస్తే దాని చుట్టుకొలత వస్తుంది. 10 మి.మీ. రోలర్‌కు ఇది 31 మి.మీ. చారల మధ్య దూరమూ 31 మి.మీ. ఉంటే దొంగ దొరికినట్టే: రోలర్ మీద ఒకచోట నొక్కు పడింది. ఈ జబ్బు వాడని ప్రింటర్లకు ఎక్కువ. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ బూతుల్లో నగదు రసీదులు తగ్గాయి. వారాల తరబడి కదలని రోలర్ హెడ్‌కు అతుక్కుని ఉండి, తగిలినచోట చదునుగా మారుతుంది. పక్కన పెట్టే ప్రింటర్‌కు మూత పూర్తిగా బిగించకుండా ఉంచడం, లేదంటే రోజుకోసారి ఫీడ్ మీట నొక్కి రోలర్‌ను తిప్పడం దీనికి మందు. చారల ఎడం చుట్టుకొలతతో కలవకుండా ఇంకా దగ్గరగా ఉంటే గేరు పళ్లలో ఒకటి విరిగిందేమో చూడాలి.

అక్షరాలు నిలువునా నొక్కుకుపోయినట్టు, ఒక వరుస మీద మరో వరుస ఎక్కినట్టు వస్తే కాగితం జారుతోంది. రోలర్ మీద కాగితం పొడి పేరుకుని నున్నగా మెరుస్తుంటుంది, లేదా రోల్ దాని గూట్లో ఇరుక్కుని తిరగడం లేదు. 40 మి.మీ. గూట్లో 45 మి.మీ. రోల్‌ను బలవంతంగా కూరితే జరిగేది ఇదే.

చుక్క పోవడానికీ, కాగితం జారడానికీ ఉన్న తేడాకు కాసినో టికెట్ దగ్గర చాలా బరువు ఉంది. 65 మి.మీ. వెడల్పు, 156 మి.మీ. పొడవున్న ఆ టికెట్ మీద 18 అంకెల ధ్రువీకరణ సంఖ్య బార్‌కోడ్‌గా పడుతుంది. బార్‌కోడ్ టికెట్ పొడవునా సాగుతుంది, గీతలు మాత్రం హెడ్ వరుసకు సమాంతరంగా నిచ్చెన మెట్లలా పడతాయి. అందువల్ల ఒక చుక్క పోయినా ప్రతి మెట్టులో చిన్న గంటు పడుతుందే తప్ప ఏ గీతా మాయమవదు, చదివే యంత్రం సర్దుకుపోతుంది. రోలర్ జారితే మాత్రం మెట్ల మందం మారిపోయి అంకెలే తారుమారవుతాయి, టికెట్ చెల్లదంటుంది. గీతలు కాగితం నడిచే దిశలోనే పడే రసీదుల్లో కథ తిరగబడుతుంది. అక్కడ ఒక్క చచ్చిన చుక్క ఒక సన్నగీతను పూర్తిగా మింగేయగలదు. బార్‌కోడ్ చదవడం లేదని ఫిర్యాదు వస్తే ముందు గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే, హెడ్‌ను అనుమానించాలా, రోలర్‌నా అన్నది అక్కడే తేలుతుంది. క్యూఆర్ కోడ్‌కు ఈ బెడద తక్కువ. దాన్లో తప్పులు సరిదిద్దుకునే ఏర్పాటు ఉంది, ఎంచుకున్న స్థాయిని బట్టి 7 నుంచి 30 శాతం వరకు చెడినా చదవొచ్చు.

కాగితం దగ్గరే సగం జబ్బు

రోల్‌కు రెండు మూడు రూపాయలు మిగిల్చే కాగితంతో హెడ్ ఖర్చు నెత్తిన పడుతుంది. చౌక కాగితంలో పూత పైన రక్షణ పొర ఉండదు. పూతలోని పొడి రాలి హెడ్ అంచున తెల్లటి ముద్దలా పేరుకుంటుంది. కొత్త రోల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్దితే వేళ్లకు తెల్లపొడి అంటుకుంటే ఆ సరుకు వెనక్కి పంపడమే మేలు. రోల్ మధ్యలోని గొట్టం లావుగా పెట్టి కాగితం తక్కువ చుట్టే పద్ధతీ ఉంది. పైకి 40 మి.మీ. వ్యాసమే కనిపిస్తుంది, లోపల మీటర్లు తగ్గుతాయి. కొనేటప్పుడు వ్యాసం కాదు, మీటర్లు అడగాలి.

రోల్ వెనకవైపు వ్యాపార ప్రకటనలు అచ్చువేసిన కాగితాలతో ఇంకో చిక్కు. కాగితం ఉందో లేదో చూసే సెన్సర్ కాంతిని పంపి, తిరిగి వచ్చినదాన్ని బట్టి లెక్కగడుతుంది. సెన్సర్ చూసే చోట ముదురు నలుపు ప్రకటన వస్తే కాంతి తిరిగిరాదు, రోల్ నిండుగా ఉన్నా ప్రింటర్ ‘పేపర్ లేదు’ అంటుంది. మిట్టమధ్యాహ్నం బస్సు కిటికీలోంచి ఎండ సూటిగా సెన్సర్ సందులోకి పడినా ఇలాంటి తికమకే. చేతితో నీడ పట్టగానే తప్పు పోతే సెన్సర్ బాగానే ఉన్నట్టు.

థర్మల్ కాగితం సుమారు 65, 70 డిగ్రీల దగ్గర తనంతట తానే రంగు మారడం మొదలెడుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలు, నెల్లూరుల్లో ఎండ 45 డిగ్రీలను తాకిన రోజున, మూసి ఉంచిన బస్సు డాష్‌బోర్డు మీది వేడి దీనికి దగ్గరగా పోగలదు. అక్కడ వదిలేసిన రోళ్లు అంచుల్లో బూడిదరంగు తేలతాయి. వాటి మీద అచ్చు పడినా తేడా తెలియదు, నేరం హెడ్ మీద పడుతుంది. రోళ్లు 25 డిగ్రీల లోపు చల్లదనంలో, గాలిలో తేమ 40 నుంచి 65 శాతం మధ్య ఉన్నచోట నిల్వ చేయాలని తయారీదారులు చెబుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో నెల్లూరు తీరంలో ఆ తేమ హద్దు నిలవదు. చేయగలిగింది రోళ్లను కొన్నప్పటి ప్లాస్టిక్ చుట్టతోనే ఉంచి, డబ్బాను నేలకు ఆనించకుండా పెట్టి, ముందొచ్చినవి ముందు వాడేయడం. విప్పిన రోల్ తేమ పీల్చి ఉబ్బుతుంది, అంచులు వంకరపోతాయి, కట్టర్ దగ్గర ఇరుక్కునేది ఆ వంకరే.

ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ చేతులతో టికెట్ పట్టుకుంటే అక్కడ నల్లమచ్చలు తేలతాయి. కొబ్బరినూనె చేతులు, పీవీసీ కవర్లు అచ్చును వెలిసిపోయేలా చేస్తాయి. కాటా చీటీని నెలల తరబడి దాచాల్సినవాళ్లు ఆ రోజే ఫొటో తీసుకోవాలి, లేదా మామూలు కాగితం మీద జిరాక్స్ తీయించుకోవాలి. చాలా థర్మల్ కాగితాల పూతలో బిస్ఫినాల్ ఎ అనే రసాయనం వాడతారు. యూరోపియన్ యూనియన్ 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో దాన్ని బరువులో 0.02 శాతం లోపునకు కట్టడి చేసింది. రోజంతా టికెట్లు చించే చేతుల కోసమైనా, రోళ్లు టోకున కొనేవాళ్లు ఆ రసాయనం లేని కాగితం కావాలని అడగడం న్యాయం.

తుడవడం ఎలా

ముందు స్విచ్ తీసేసి బ్యాటరీ ఊడదీయాలి. అప్పటిదాకా వరసగా అచ్చువేసి ఉంటే అయిదు నిమిషాలు చల్లారనివ్వాలి. మూత తెరిచి రోల్ తీసి, గూట్లోని కాగితం పొడిని మెత్తటి పొడి బ్రష్‌తో బయటకు ఊడ్చాలి. ఈ పని హెడ్ తుడవడానికి ముందే జరగాలి, లేకపోతే ఎగిరిన పొడి తడి హెడ్ మీదే వాలుతుంది.

హెడ్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి, కనీసం 90 శాతం, దొరికితే 99 శాతం. నూలుపోగులు రాలని గుడ్డ ముక్కనో, దూది పుల్లనో తడిపి, కారకుండా పిండి, హెడ్ మీది సన్నని ముదురు గీత వెంట ఒక చివరి నుంచి మరో చివరికి ఒకే దిశలో లాగాలి. ముందుకీ వెనక్కీ రుద్దితే తీసిన మడ్డి మళ్లీ అక్కడే అంటుకుంటుంది. గుడ్డ నల్లబడిన ప్రతిసారీ కొత్త భాగం వాడాలి. పూర్తయ్యాక రెండు నిమిషాలు ఆరనివ్వాలి. శానిటైజర్ ఇందుకు పనికిరాదు, అందులోని గ్లిజరిన్ జిడ్డుగా మిగిలిపోతుంది. పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ రబ్బరును ఉబ్బిస్తాయి. బ్లేడు, పిన్నీసు, తాళంచెవి హెడ్ దరిదాపులకు రాకూడదు. వేలు కూడా తగలకూడదు. చెమటలోని ఉప్పు హెడ్ మీద మిగిలి, తేమ తోడై, కరెంటు పారేటప్పుడు లోహపు తీగలను తినేస్తుంది. ఆ నష్టం ఆ రోజు కనిపించదు, కొన్ని వారాల తర్వాత ఒక్కో చుక్కా రాలిపోతుంది.

తర్వాత రోలర్. ఎక్కువమంది హెడ్ తుడిచి మూత వేసేస్తారు, అచ్చు మాత్రం సగమే బాగుపడుతుంది. రోలర్‌ను పక్క గేరు దగ్గర వేలితో కొంచెం కొంచెంగా తిప్పుతూ చుట్టూ తుడవాలి. మంచి రబ్బరు గోటితో నొక్కితే లోపలికి దిగి, వదలగానే పైకి లేస్తుంది, మెరుపు లేకుండా ఉంటుంది. గాజులా మెరుస్తూ, గోటికి దిగకుండా ఉంటే తుడిచినా లాభం లేదు, రోలర్ మార్చాలి. దాని ధర హెడ్ ధరలో చిన్న వంతు. సెన్సర్‌ను మాత్రం పొడి దూదిపుల్లతోనే తుడవాలి.

టైరు షాపు కంప్రెసర్ గాలి కొట్టించడం రహదారి పక్కన మామూలైంది. ఆ గాలిలో నూనె తుంపర, నీటి ఆవిరి కలిసి ఉంటాయి. పొడి బయటకు పోయినట్టే కనిపిస్తుంది, నూనె పొర లోపల మిగులుతుంది.

ఎన్నాళ్లకోసారి అన్నదానికి ఊరిని బట్టి జవాబు. ఒంగోలు డిపోలో తిరిగే టిమ్‌కు వారానికోసారి సరిపోవచ్చు. చీమకుర్తి, రామతీర్థం క్వారీల చుట్టుపక్కల కాటాల్లో రోజూ పొద్దున్నే చేయాలి. గ్రానైట్ పొడి మట్టి లాంటిది కాదు. అందులోని ఖనిజాలు గట్టివి, కాగితానికీ హెడ్‌కీ మధ్య చేరితే ఉప్పుకాగితం పనే చేస్తాయి. ఆ గదుల్లో ప్రింటర్‌ను కిటికీ కింద కాకుండా లోపలి గోడవైపు పెట్టడం, పని లేనప్పుడు గుడ్డ కప్పడం వల్ల మిగిలే హెడ్లు ఎన్నో. కప్పినప్పుడు ప్రింటర్ ఆపేసి ఉండాలి, లేకపోతే వేడి లోపలే నిలిచిపోతుంది.

ఉప్పుగాలి చేసే పని

కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో, ఇందుకూరుపేట, విడవలూరు రొయ్యల చెరువుల మధ్య లోహం బతుకు వేరు. ప్రింటర్‌లో ముందు దెబ్బతినేవి బ్యాటరీ స్ప్రింగులు, పట్టీ కేబుల్ కొసలు. పచ్చటి చిలుము పట్టిన స్ప్రింగు 0.3 ఓముల అడ్డు పెట్టిందనుకుంటే, 2.5 ఆంపియర్లు లాగే క్షణాన 0.75 వోల్టు అక్కడే మాయమవుతుంది. పైకి లక్షణమంతా పాత బ్యాటరీదే. కొత్త బ్యాటరీ వేసినా మారదు, అప్పుడు హెడ్ మీదకు పోతారు. స్ప్రింగులను గట్టి బ్రష్, ఆల్కహాల్‌తో లోహపు మెరుపు తేలేదాకా శుభ్రం చేయాలి. పట్టీ కేబుల్‌ను సాకెట్ గొళ్లెం లేపి బయటకు తీసి, కొసలు తుడిచి, వంకర లేకుండా మళ్లీ పెట్టి గొళ్లెం వేయాలి. ఒక పక్క చుక్కలు గుంపుగా, 64 చొప్పున, ఒక్కసారే పోయినట్టు పట్టీలో కనిపిస్తే అది ఎక్కువగా ఈ కేబుల్ పనే. అన్ని చుక్కలు కలిసికట్టుగా కాలిపోవడం అరుదు.

టోల్ ప్లాజాల్లో, బంకుల్లో ఇంకొకటి జరుగుతుంది. ఏసీ గదిలో దాచిన అదనపు ప్రింటర్‌ను వానాకాలం సాయంత్రం తెచ్చి నేరుగా బూతులో పెట్టి స్విచ్ వేస్తారు. చల్లటి లోహం మీద కంటికి కనపడని నీటి పొర పడి ఉంటుంది. అరగంట బయట ఉంచి, తడి ఆరిందని నమ్మకం కుదిరాకే కరెంటు ఇవ్వాలి.

వోల్టేజీ, తెలుగు అక్షరం

చుక్క వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే వేడి 19 శాతం తగ్గుతుంది. చేతి యంత్రాల్లోని 7.4 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 8.4, అయిపోయేటప్పుడు 6 దగ్గర ఉంటుంది. మంచి ఫర్మ్‌వేర్ ఈ తేడాను కాంతి తగ్గిన కెమెరాలా సర్దుతుందని అనుకోకూడదు. అది చేసేది ఒక్కటే: చుక్కకు కరెంటు ఇచ్చే సమయం పెంచడం. అందుకే సాయంత్రానికి టిమ్ నెమ్మదిస్తుంది. చౌక యంత్రాలు అదీ చేయవు, అచ్చు లేతబడుతుంది.

ప్రింటర్ పని లేకుండా ఉన్నప్పుడు బ్యాటరీని కొలిస్తే ఏమీ తెలియదు. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్లపట్టీ అచ్చవుతుండగా కొలవాలి. ఒక్కో చుక్క 176 ఓములుండే రకం హెడ్‌లో 64 చుక్కలు ఒకేసారి వెలిగితే సుమారు 2.7 ఆంపియర్లు కావాలి. పని లేనప్పుడు 7.8 చూపి, పట్టీ మధ్యలో 6.2కు పడిపోతే బ్యాటరీ లోపల ముసలిదైంది, లేదా పైన చెప్పిన స్ప్రింగులు పాడయ్యాయి. మీటరు మొనలను ఒకసారి బ్యాటరీ లోహపు కొసల మీద, ఒకసారి స్ప్రింగు అవతల వైపు పెట్టి చూస్తే రెంటిలో ఏదో తేలుతుంది. టికెట్ సగం అచ్చయ్యాక యంత్రం ఆరిపోయి మళ్లీ లేవడం కూడా ఈ జబ్బే.

తెలుగులో అచ్చువేసే యంత్రాలకు ఈ భారం ఇంకొంచెం ఎక్కువ. చౌక ప్రింటర్ల జ్ఞాపకంలో ఇంగ్లిషు అక్షరాలుంటాయి కానీ ఒత్తులు, గుణింతాలు కలిపే తెలివి ఉండదు. అందుకని తెలుగు వరుసను బొమ్మగా మార్చి పంపుతారు. బొమ్మ ఆలస్యంగా చేరుతుంది, మధ్య మధ్య కాగితం ఆగి కదులుతుంది, ఆగినచోట సన్నని అడ్డచార పడుతుంది. ఈ చారకూ హెడ్‌కూ సంబంధం లేదు. కేబుల్ వేగం పెంచితే, బొమ్మను చిన్న ముక్కలుగా పంపేలా సాఫ్ట్‌వేర్ మార్పిస్తే పోతుంది.

2025 ఆగస్టు 15న, ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక మహిళలకూ జీరో టికెట్ అచ్చువేసి ఇవ్వాల్సిందే. చార్జీ సున్నా అయినా కాగితం, బ్యాటరీ, హెడ్ అరుగుదల మామూలు టికెట్‌తో సమానం. నెల్లూరు రొట్టెల పండుగ లాంటి రద్దీ రోజుల్లో వరసగా అచ్చవుతుంటే హెడ్ లోపలి ఉష్ణమాపకం ఒక హద్దు దాటగానే, చాలా రకాల్లో సుమారు 80 డిగ్రీల దగ్గర, అచ్చు ఆపేస్తుంది. చల్లారాక తనే మొదలెడుతుంది. ఇది రక్షణ, లోపం కాదు. నలుపు స్థాయిని అమరికల్లో గరిష్ఠానికి పెంచి వదిలేసిన యంత్రాలు ఈ హద్దును తొందరగా తాకుతాయి. మంచి కాగితం మీద చదవగలిగేంత నలుపు ఎక్కడ వస్తుందో అక్కడ ఆపాలి.

కాసినోల నుంచి తెచ్చుకోదగ్గవి

అక్కడ ప్రింటర్ తప్పు చూపగానే మెషిన్ ఆట ఆపి మనిషిని పిలుస్తుంది. వచ్చినవాడు కాగితం సరిచేసి, ముందుగా చెల్లని పరీక్ష టికెట్ ఒకటి తీసి, చూసి, ఆ తర్వాతే ఆటకు వదులుతాడు. మన దగ్గర జామ్ తీయగానే ప్రయాణికుడికిచ్చే అసలు టికెట్‌తోనే పరీక్ష జరుగుతుంది, సగం అచ్చైన టికెట్‌కు లెక్క ఎవరు చెప్పాలనే గొడవ అక్కడ పుడుతుంది. జామ్ తర్వాత ఒక ఖాళీ ఫీడు, ఒక పరీక్ష చీటీ, ఆ తర్వాతే అసలు పని.

రెండో సంగతి లాగడం. కాసినో ప్రింటర్లలో అచ్చు పూర్తయ్యేదాకా టికెట్ మనిషి చేతికి అందకుండా పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. బస్సులో ఆ పని కండక్టరే చేయాలి. మోటారు తిరుగుతుండగా కాగితం లాగితే అక్షరాలు సాగుతాయి, గేరు పళ్ల మీద భారం పడుతుంది. ఇరుక్కున్న కాగితాన్ని వెనక్కి లాగడం ఇంకా చెడ్డది. మూత తెరిచి రోలర్ పట్టు వదిలించాకే కాగితం తీయాలి. కట్టర్ ఉన్న బల్ల ప్రింటర్‌లో కత్తి సగంలో ఆగి మూత తెరుచుకోకపోతే, పక్కనుండే చిన్న చక్రాన్ని వేలితో తిప్పి కత్తిని మొదటి చోటికి చేర్చాలి. మూతను బలంగా పీకకూడదు.

హెడ్ నిజంగానే పోతే

కాగితం మార్చి, తుడిచి, రోలర్ చూసి, నడుస్తుండగా వోల్టేజీ కొలిచి, కేబుల్ ఊడదీసి బిగించాక కూడా నల్లపట్టీలో అదే తెల్లగీత ఉంటే హెడ్ మార్చక తప్పదు. కొత్త హెడ్‌ను పక్క అంచులతోనే పట్టుకోవాలి, ముట్టుకునే ముందు భూమికి కలిపిన లోహాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకోవాలి. హెడ్‌తో పాటు రోలర్ కూడా మార్చడం మంచిది. గట్టిపడ్డ పాత రోలర్ కింద కొత్త హెడ్ తొందరగా అరుగుతుంది. కేబుల్ వంకర లేకుండా దిగిందా, గొళ్లెం పడిందా చూసి, మూత రెండు చివర్లా నొక్కి, నలుపు స్థాయిని తయారీ అమరికకు దించి, కొత్త రోల్ మీద నల్లపట్టీ తీయాలి. ఎడమ అంచు, కుడి అంచు ఒకే నలుపులో ఉన్నాయో లేదో పగటి వెలుతురులో పోల్చాలి. తేడా ఉంటే స్క్రూలు సమంగా బిగించలేదన్నమాట, అక్కడికక్కడే సరిచేయాలి. ఆ పట్టీని యంత్రం నంబరు, తేదీ కనిపించేలా ఫోన్‌తో ఫొటో తీసి ఉంచాలి. థర్మల్ చీటీ తానే వెలిసిపోతుంది కాబట్టి కాగితాన్ని దాచినా లాభం ఉండదు. మళ్లీ మసకబారిందన్న ఫిర్యాదు వచ్చిన రోజున పక్కన పెట్టి పోల్చడానికి ఆ ఫొటో కావాలి.